రేపల్లె బండిలో ఇంగ్లీషు పాఠం

నేను చదివింది మెకానికల్ డిప్లమా, చేసింది బడిపంతులు పని. ఈ రెండూ ఎలా కలిశాయో ముందు చెప్పాలి. అరవయ్యో దశకంలో కొన్ని హైస్కూళ్ళను మల్టీపర్పస్ స్కూళ్ళుగా మార్చారు. అక్కడ పై తరగతుల పిల్లలు మామూలు చదువుతోపాటు ఇంజనీరింగో, వ్యవసాయమో ఏదో ఒక పని కూడా నేర్చుకోవచ్చు. రేపల్లెలో అలాంటి బడి ఒకదానికి రేకుల షెడ్డు వేసి, బల్లలు బిగించి, పాలిటెక్నిక్ నుంచి అప్పుడే బయటికి వచ్చిన నన్ను ఇన్‌స్ట్రక్టరుగా తీసుకున్నారు. ఇనుముకు ఆకురాయి పట్టించడం, కాలిపర్లతో కొలిపించడం, కొలిచిన వస్తువును మూడు వైపుల నుంచి కాగితం మీద గీయించడం, ఆయిలింజను లోపల ఏం జరుగుతుందో చెప్పడం నా సిలబస్. కాపురం తెనాలిలో. పొద్దున రేపల్లె బండి, సాయంత్రం తిరుగు బండి.

దశకం చివరికి వచ్చేసరికి ఆ కోర్సులు ఎత్తేస్తారన్నారు. మొదట స్టాఫ్ రూములో మాటగా వచ్చింది, తర్వాత కాగితంగా వచ్చింది. కొత్తగా పిల్లల్ని చేర్చుకోవద్దు, ఉన్నవాళ్ళ చదువు పూర్తయ్యాక వర్క్‌షాపు మూసేయండి అని దాని సారాంశం. ఉన్నవాళ్ళంటే ఒకే ఒక్క తరగతి. వాళ్ళ పరీక్షలు ముగిసిన రోజున నా ఉద్యోగం కూడా ముగుస్తుంది.

నాకు ఏ విషయాన్నయినా వరసపెట్టుకుని చూసే అలవాటు. మామూలు టీచరుగా ఉండిపోవాలంటే బి.ఇడి. కావాలి, బి.ఇడి.కి డిగ్రీ కావాలి, నాకున్నది డిప్లమా. కనుక ఆ దారి మూసుకుంది. ప్రభుత్వ శాఖల్లో సూపర్‌వైజరు పోస్టుల సంగతి చూస్తే, ఆ ఏళ్ళలో పూర్తి ఇంజనీర్లే ఖాళీగా తిరుగుతున్నారు. అదీ మూసుకున్నట్టే. తెరిచి ఉన్నది మా బావ కొట్టు ఒక్కటే. బావ అంటే మా అక్క భర్త. బాపట్లలో ఆయిలింజన్లు, పంపుసెట్లు బాగుచేస్తాడు. పిట్టలవానిపాలెం వైపు మడికి నీళ్ళు పెట్టే ఇంజన్లు సగం ఆయన చేతిమీదుగా వెళ్ళినవే. పని ఎక్కువ, చేతులు తక్కువ. నన్ను రమ్మని రెండేళ్ళుగా అడుగుతున్నాడు.

"ఇంజను గురించి బోర్డు మీద చెప్పేవాడికంటే ఇంజను విప్పేవాడికే విలువరా బావమరిదీ" అనేవాడు.

అది తప్పని నేను ఏనాడూ అనలేదు. కానీ నాకు ఇంజను విప్పడంకంటే, విప్పిన ఇంజనును చూసి ఒక పిల్లవాడు అర్థమై తల పైకెత్తడం ఎక్కువ ఇష్టం. కారణం అడిగితే చెప్పలేను. బడిలో ఉండిపోవాలి, అంతే నాకు కావలసింది. ఎక్కడి బడి అన్నది తర్వాతి సంగతి.

ఆ తర్వాతి సంగతి బాపట్లలోనే తెలిసింది. మా అక్కావాళ్ళ వీధిలో ఒక లెక్కల మాష్టారు ఇథియోపియాలో పనిచేస్తూ సెలవుమీద వచ్చాడని బావే చెప్పాడు. ఆదివారం ఆయన ఇంటికి వెళితే, పిల్లల్ని తీసుకుని సూర్యలంక సముద్రపొడ్డుకి వెళ్ళారన్నారు. బావ సైకిలు తీసుకుని నేనూ వెళ్ళాను. ఆయన ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి ఇసుకలో కూర్చుని, నీళ్ళలో ఉన్న పిల్లల్ని ఒక కంట కనిపెడుతున్నాడు. ఎవరి తమ్ముణ్ణో చెప్పుకుని పక్కన కూర్చుని, నేను అడగదలుచుకున్నవి ఒక్కొక్కటిగా అడిగాను.

డిప్లమా వాళ్ళను తీసుకుంటారా అన్నదానికి ఆయన, తనలాంటి లెక్కల వాళ్ళు వాళ్ళకు బోలెడుమంది దొరుకుతున్నారనీ, వర్క్‌షాపూ టెక్నికల్ డ్రాయింగూ చెప్పేవాళ్ళే దొరకడంలేదనీ చెప్పాడు. వాళ్ళ అధికారులు ఏడాదికోసారి మద్రాసు వచ్చి ఇంటర్వ్యూలు చేస్తారట. అప్లికేషను ఎక్కడికి పంపాలో కూడా చెప్పాడు.

"ఇంటర్వ్యూలో ఏం అడుగుతారండి?"

"ఏమీ అడగరయ్యా. పాఠం చెప్పమంటారు. ఇంగ్లీషులో. అక్కడ పెద్ద క్లాసులన్నీ ఇంగ్లీషే."

రేపల్లెలో నేను చెప్పేది తెలుగులో. నా ముఖం చూసి ఆయనకు అర్థమైనట్టుంది.

"తప్పులొచ్చినా పర్లేదు. మధ్యలో మాత్రం ఆగొద్దు. ఆగితే మాట అందక ఆగాడనుకుంటారు. వాళ్ళు చూసేదల్లా అదొక్కటే" అన్నాడు.

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆవిడది నందివెలుగు, ఎస్సెల్సీ దాకా చదివింది, దేనికీ తొందరపడి జవాబు చెప్పదు.

"ఏంటి, ఇథియోపియా అంటే ఆ అబిసీనియానా? మా తాతయ్య ఆ పేరు పేపర్లో చదివి వినిపిస్తుండేవాడు. అక్కడ బియ్యం దొరుకుతాయా?"

పెద్ద ఊళ్ళలో దొరుకుతాయటన్నాను. పాలు, ఆస్పత్రి, చలి, భాష, అన్నీ అడిగింది. తెలిసినవి చెప్పాను, తెలియనివి తెలియదన్నాను. చివరికి అసలు ప్రశ్న అడిగింది.

"నన్ను కూడా తీసుకెళ్ళనిస్తారా, ఇక్కడ ఉంచి మీరు ఉత్తరాలు రాస్తారా? అది తేల్చుకుని అప్పుడు పంపండి."

తీసుకెళ్ళవచ్చని లెక్కల మాష్టారు చెప్పాడన్నాను. "అయితే పంపండి. బాపట్ల కొట్లో చేరితే జీవితమంతా ఆ గ్రీజు చొక్కాలు ఉతకాల్సింది నేనే కదా" అంది.

అప్లికేషను పంపాను. కొంతకాలానికి మద్రాసు రమ్మని కబురొచ్చింది. నా చేతిలో ఒక నెల ఉంది. ఇంగ్లీషు చదవడం వచ్చు, రాయడం వచ్చు, డిప్లమా అంతా ఇంగ్లీషులోనే రాశాను. నిలబడి నోరు తెరిచి మాట్లాడడమే రాదు. ఎవరిముందు మాట్లాడి నేర్చుకోవాలి? తోచక రేపల్లె బండిలో పెద్ద మాష్టారితో చెప్పాను.

ఆ బండిలో ఒక పెట్టె మాదే అన్నట్టుండేది. తెనాలిలో ఎక్కి రేపల్లెలో దిగే ఉద్యోగులందరం అందులోనే ఎక్కేవాళ్ళం. పెద్ద మాష్టారంటే రేపల్లె మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పే ఆయన. లూథరన్ కుటుంబం, చిన్నప్పుడు దొరసానుల దగ్గర చదువుకున్నాడు. ఆయన ఇంగ్లీషు మాట్లాడుతుంటే టీసీ కూడా నిలబడి వినేవాడు. ఆయన ఎదురుగా ఎప్పుడూ తాలూకాఫీసు గుమాస్తా ఒకాయన కూర్చునేవాడు. ఆయనకు నోరు ఊరుకోదు. కిటికీ పక్కన హిందీ టీచరుగారు, స్వెట్టరు అల్లుతూ. తెనాలిలో స్వెట్టరు ఎవరికని అడిగితే చెప్పేది కాదు.

పెద్ద మాష్టారు నేను చెప్పింది విని కళ్ళజోడు తుడుచుకున్నాడు. "దీనికి మద్రాసు దాకా ఎందుకు బాబూ. రేపటినించి మేమే నీ క్లాసు" అన్నాడు.

మర్నాడు ఆయిలింజను అట్టబొమ్మ తీసుకెళ్ళాను. అది నేను బడి కోసం చేసుకున్నదే. పిస్టన్ పైకీ కిందికీ కదులుతుంది, రెండు వాల్వులూ గుండుసూది మీద తెరుచుకుని మూసుకుంటాయి. చినరావూరు దాటగానే లేచి నిలబడి, పై బెర్తు గొలుసు పట్టుకుని మొదలుపెట్టాను. మొదటి రోజు వేమూరు వచ్చేదాకా పిస్టన్ కిందికి దిగనేలేదు. ప్రతి మాట దగ్గరా ఎవరో ఒకరు ఆపడమే. పెద్ద మాష్టారు నా ఉచ్చారణ పట్టాడు. నేను అనవలసిన చోట 'ద' అనే ఆర్టికల్ అనడంలేదనీ, అనకూడని చోట అంటున్నాననీ చెప్పాడు. హిందీ టీచరుగారు అల్లిక ఆపకుండానే, "తమ్ముడూ, ఆ చేతులు కాస్త దగ్గర పెట్టుకో. గేదెలు తోలుతున్నట్టుంది" అంది. గుమాస్తా వెనకబెంచీ పిల్లవాడి వేషం కట్టాడు. పాఠం మధ్యలో లేచి, "సార్, ఒంటికి సార్" అనేవాడు. ఇంగ్లీషులో అడగమంటే కూర్చునేవాడు.

తప్పులన్నీ నేను వరసగా రాసుకుని, సాయంత్రం తిరుగు బండిలో దిద్దుకునేవాణ్ణి. మూడో వారానికి పాఠం గాడిలో పడింది. పిస్టన్ దిగేటప్పుడు గాలి లోపలికి వస్తుంది. అందుకు గాలి వచ్చే వాల్వు... అని నేను చెయ్యి చాచి ఆగేవాణ్ణి. "ఓపెన్" అని పెట్టె అంతా అందుకునేది. పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కుతుంది. అప్పుడు రెండు వాల్వులూ... "క్లోజ్డ్." భట్టిప్రోలు దాకా వచ్చే పెరుగు గంపలామె ఒకావిడ ఉండేది. గంప సీటు కింద పెట్టుకుని కింద కూర్చునేది. వారం తిరిగేసరికి ఆవిడ గొంతు కూడా అందులో కలిసింది.

"ఏంటమ్మా, ఇంజనీరు చదువు చదివేస్తున్నావే" అన్నాడు గుమాస్తా.

"చదువా నా బొందా. ఆ బాబు ఒకసారి ఆగితే ఓపెననాలి, ఇంకోసారి ఆగితే క్లోజ్డనాలి. అంతే కదయ్యా" అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఆఖరి రోజున పెద్ద మాష్టారు, ఇక దిద్దడానికి ఏమీ లేదన్నాడు.

మద్రాసులో ఇంటర్వ్యూ ఒక హోటలు మేడమీద గదిలో. బల్ల వెనక ముగ్గురు. ఇద్దరు ఇథియోపియా వాళ్ళు. వాళ్ళలో ఒకాయన తల నెరిసిన మనిషి, సన్నగా, చాలా నిదానంగా ఉన్నాడు. రెండో ఆయన నా వయసువాడు. మూడో ఆయన ఢిల్లీ నుంచి వచ్చిన మన అధికారి. సర్టిఫికెట్లు చూశాక పెద్దాయన, "మేం తొమ్మిదో తరగతి పిల్లలం. చెప్పు" అని ఇంగ్లీషులో అన్నాడు.

నేను అట్టబొమ్మ తీసి మొదలుపెట్టాను. మొదటి రెండు వాక్యాలూ తడబడకుండా వచ్చాయి. మూడో వాక్యంలో, పిస్టన్ దిగుతున్నప్పుడు గాలి వచ్చే వాల్వు... అని చెయ్యి చాచి ఆగాను. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. ఫాను తిరుగుతోంది. క్లాసు కొత్తది, మొహమాటపడుతోందనుకున్నాను. మన బళ్ళలో చేసినట్టే మొదటి అక్షరం అందించాను. "ఓ..." అన్నాను. చిన్నాయన పెద్దాయన వైపు చూశాడు. పెద్దాయన కొంచెం ముందుకు వంగి, మెల్లగా, "ఓపెన్?" అన్నాడు.

"వెరీ గుడ్" అన్నాను.

మన అధికారి తల వంచుకుని కాగితాలు సర్దుకున్నాడు. ఆ తర్వాత ఇబ్బంది లేకపోయింది. నేను ఆగిన ప్రతిచోటా పెద్దాయన ఆలస్యం చేయకుండా మాట అందిస్తూ వచ్చాడు. నేను మెచ్చుకుంటూ వచ్చాను. పిస్టన్ దిగి ఎక్కే నాలుగు స్ట్రోకులూ పూర్తిచేసి బొమ్మ మూశాను. తెలియజేస్తామన్నారు. రేపల్లె బండిలో కూడా నా పాఠం ఇంత బాగా సాగలేదని అనుకుంటూ బయటికి వచ్చాను.

వరండాలో సూట్‌కేసు సర్దుకుంటుంటే మన అధికారి సిగరెట్టు కాల్చుకోవడానికి వచ్చాడు. మంచివాడు. తనంతట తనే నా దగ్గరికి వచ్చి, నా సబ్జెక్టు వాళ్ళకు నచ్చిందనీ, కానీ ఇంగ్లీషు మాటలు అందక ప్రతి వాక్యం చివరా నిలిచిపోతున్నానని రాసుకున్నారనీ చెప్పాడు. పాపం ఆ పెద్దాయన చేతనైనంత సాయం చేశాడన్నాడు.

నేను నిలిచిపోలేదండి అన్నాను. ఆ మాట అంటుండగానే సంగతి తెలిసింది. మన బళ్ళలో వాక్యం చివరిమాట పంతులు అనడు. నీళ్ళు మరిగితే ఏమవుతుంది, ఆ... అని ఆగుతాడు. ఆవిరి అని క్లాసంతా అంటుంది. నేను చదువుకున్నదీ అలాగే, చెబుతున్నదీ అలాగే. బండిలో నా 'ద'లు పట్టినవాళ్ళు, చేతులు పట్టినవాళ్ళు ఎవరూ దీన్ని పట్టలేదు. పట్టుకోవడానికి అదొక అలవాటని ఎవరికైనా కనబడితే కదా. సూర్యలంకలో లెక్కల మాష్టారు ఆగొద్దన్నప్పుడు కూడా, ఆయన చెబుతున్నది ఈ ఆగడం గురించే కావచ్చని నాకు తట్టలేదు.

మళ్ళీ ఒక్కసారి లోపలికి పంపమని అధికారిని అడిగాను. అలా కుదరదన్నాడు. తర్వాతివాళ్ళు వరసగా ఉన్నారు. వెళ్ళిపోతే బాపట్ల కొట్టే. నేను వరండాలోనే నిలబడ్డాను. మధ్యాహ్నం భోజనానికి పెద్దాయన బయటికి రాగానే ఎదురెళ్ళాను. ఇంగ్లీషు వాక్యం ముందే కూర్చుకుని ఉన్నాను కనుక ఆగకుండా చెప్పగలిగాను. "సార్, నేను మాటలు మరిచిపోలేదు. వాటిని మీకోసం వదిలాను" అన్నాను.

ఆయన ఆగాడు. ఎందుకు వదిలావన్నాడు. మా దగ్గర పాఠం ఎలా నడుస్తుందో చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. తర్వాత తెలిసింది, ఆయన చాలాకాలం హెడ్మాస్టరుగా చేసినవాడట.

"అందరూ కలిసి అంటే, తెలియనివాడు ఎవరో నీకెలా తెలుస్తుంది?"

"తెలియనివాడు కొంచెం ఆలస్యంగా అంటాడు సార్. పక్కవాడి నోరు చూసి అంటాడు. నేను నోళ్ళు చూస్తుంటాను."

ఆయన తల ఊపాడు. తన బడి పిల్లల్లో అది తాను కూడా చూశానన్నాడు. తర్వాత అడిగాడు: "సమయానికి అన్నవాడికి తెలుసా?"

పెరుగు గంపలామె గుర్తొచ్చింది. ఆవిడ ఏ రోజూ ఆలస్యంగా అనలేదు. తెలుసని చెప్పలేను సార్ అన్నాను.

అందరూ అయ్యాక సాయంత్రం రమ్మన్నాడు. అదే పాఠం చెప్పాలి. కాకపోతే ఏ వాక్యమైనా నేనే పూర్తిచేయాలి, ఆ తర్వాత వాళ్ళను ఏదైనా అడగాలి.

ఆ రెండోసారి పాఠమే నాకు కష్టమైంది. చివరిమాట నేనే అనడమంటే, చేత్తో తినగలిగిన పిల్లవాడికి ముద్దలు పెడుతున్నట్టుంది. ప్రతి వాక్యం తర్వాతా క్లాసు గొంతు వినబడవలసిన చోట ఏమీ వినబడదు. ఆ నిశ్శబ్దంలో నా ఇంగ్లీషు కూడా పొద్దుటికంటే తప్పులతడకగా వచ్చింది. రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి అని పూర్తిచేశాను. ఇక అడగాలి. ఏం అడగాలి? మూసుకుంటాయా అంటే అవునంటారు. అట్టబొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాను. అప్పుడు ఒక వాల్వును వేలితో తెరిచి పట్టుకుని చిన్నాయన వైపు తిరిగాను.

"దీన్ని ఇలా వదిలేస్తే ఏమవుతుంది?"

ఆయన చదివింది చరిత్రట. బొమ్మను చూశాడు. చాలాసేపు చూశాడు. నోట్లోకి వస్తున్న మొదటి అక్షరాన్ని నేను మింగేశాను. గాలి బయటికి పోతుందన్నాడు. పోతే? నొక్కుడు ఉండదన్నాడు. ఉండకపోతే? వేడెక్కదేమో అని, ఇంకొంచెం ఆలోచించి, అయితే ఇంజను నడవదు కదా అన్నాడు. ఆ ముక్క తనే కనిపెట్టినట్టు ఆయన ముఖం విప్పారింది. నేను కంగారులో, కూర్చుని ఉన్న మనిషిని సిట్ డౌన్ అన్నాను. పెద్దాయన ఏదో రాసుకున్నాడు. అది చదవడానికి నాకు వీలుకాలేదు.

సోమవారం బండిలో అంతా చెప్పాను. పెద్ద మాష్టారు కిటికీ బయటికి చూస్తూ విన్నాడు. "నేనూ అంతే బాబూ. నా క్లాసులో చివరిమాట ఏనాడూ నేనన్నట్టు గుర్తులేదు" అన్నాడు.

"ఇంకేముంది మాష్టారూ. ఇన్నాళ్ళూ మీ పాఠం పిల్లలు చెప్పారు, జీతం మీరు తీసుకున్నారు" అన్నాడు గుమాస్తా. పెద్ద మాష్టారే ముందు నవ్వాడు.

హిందీ టీచరుగారు మాత్రం ఒప్పుకోలేదు. అల్లిక ఒళ్ళో పెట్టుకుంది. "వాళ్ళకేం తెలుసండీ? క్లాసునిండా పిల్లలుంటే ఒక్కొక్కణ్ణీ అడుగుతూ కూర్చుంటే పాఠం ఎప్పుడవుతుంది? ఇంట్లో నోరెత్తని పిల్ల కూడా పదిమందితో కలిసి గొంతు విప్పుతుంది. అదేమన్నా తక్కువా?" అంది. తక్కువ కాదు.

ఆ వారమే వర్క్‌షాపులో మా పిల్లల్ని అదే ప్రశ్న అడిగాను, ఒక్కొక్కరిని. వాల్వు తెరిచి వదిలేస్తే ఏమవుతుందిరా? మూసుకుంటాయి అని కలిసి అరిచినవాళ్ళే తలలు దించుకున్నారు. చెప్పినవాళ్ళు కొందరే. వాళ్ళలో ఎక్కువమంది ఇంట్లో ఆయిలింజను ఉన్నవాళ్ళు. పరీక్షల ముందు ఉన్న కొద్దిరోజులూ అలాగే చెప్పాను. సిలబస్ సగంలో ఉండిపోతుందని హెడ్మాస్టరుగారు గుర్తుచేశారు. నిజంగానే చివరి పాఠాలు హడావిడిగా ముగించాల్సి వచ్చింది.

మద్రాసు నుంచి ఏ కబురూ లేదు. బావ బాపట్ల నుంచి మనిషిని పంపాడు. రెండో పంట దాళ్వా మొదలైందట, కొట్లో ఇంజన్లు గుమ్మందాకా పేరుకున్నాయట. నేను వెళ్ళి, ఉత్తరం కోసం చూస్తున్నానని చెప్పాను.

"ఎన్నాళ్ళని చూస్తావురా? నీ ఉత్తరం వచ్చేదాకా మడి ఆగుతుందా? రానంటే చెప్పు, ఇంకో కుర్రాణ్ణి పెట్టుకుంటాను. నేనేం అనుకోను" అన్నాడు.

ఆయన నిజంగానే ఏమీ అనుకునే మనిషి కాదు. నేను ఆ రాత్రి అక్కడే ఉండి మా ఆవిడ ఏమంటుందో ఊహించుకుని, తెల్లవారాక, పెట్టుకో బావా అన్నాను. చేతిలో ఉన్న ఒకే దారిని అలా వదులుకున్నాను. తెనాలి వచ్చి మా ఆవిడతో చెప్పాను. "సరే, రెండు పడవల మీద కాళ్ళు పెట్టేకంటే ఇదే నయం. మునిగితే ఒక పడవే మునుగుతుంది" అంది.

పిల్లల పరీక్షలు జరుగుతున్న రోజుల్లో ఒక సాయంత్రం బండి దిగేసరికి ఆవిడ తెనాలి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంది. ఎప్పుడూ స్టేషనుకు రాదు. చేతిలో పొడుగుపాటి కవరు.

"మధ్యాహ్నం టపాలో వచ్చింది. ఇంట్లో కూర్చోలేకపోయాను. విప్పండి."

బల్ల మీద కూర్చుని విప్పాను. నన్ను తీసుకున్నారు. రెండేళ్ళ కాంట్రాక్టు, టెక్నికల్ స్కూల్లో వర్క్‌షాపూ డ్రాయింగూ. పెద్ద తరగతులు కాదు, కొత్తగా చేరిన పిల్లలకు. నా బోధనా పద్ధతి మీద ఆ స్కూలు ప్రిన్సిపాలు మొదటి ఏడాది రిపోర్టు పంపాలని ఒక వాక్యం విడిగా ఉంది. ఆ వాక్యం ఎవరు రాయించి ఉంటారో నాకు తెలుసు. తెలుగులో చెబుతూ పోయాను.

"నా పేరుందా?" అంది.

వెతికాను. "పేరు లేదు. భార్యతో సహా అని ఉంది."

"సరే, అది నేనే కదా" అని కవరు తీసుకుని మడిచి చేతిసంచీలో పెట్టుకుంది. అప్పటిదాకా పట్టుకుని పట్టుకుని ఆ కవరు అంచులు మెత్తబడి ఉన్నాయి.

బండిలో వాళ్ళకు మర్నాడు చెప్పాను. పాస్‌పోర్టు, టీకాలు, ఉన్ని బట్టలు, ఎవరికి తెలిసిన సలహా వాళ్ళిచ్చారు. అక్కడ చలి ఎక్కువని నేను చెప్పగానే గుమాస్తా హిందీ టీచరుగారి ఒళ్ళో ఉన్న స్వెట్టరు వైపు చూసి, "అదేదో ఇప్పుడైనా ఎవరికో ఒకరికి ఇచ్చేయండమ్మా" అన్నాడు. ఆవిడ ఇవ్వలేదు. అది ఇంకా పూర్తి కాలేదంది.

పరీక్షలయ్యాక వర్క్‌షాపు అప్పగించడం మిగిలింది. అప్పగించడానికి నా తర్వాత వచ్చేవాడు లేడు. హెడ్మాస్టరుగారే వచ్చి తలుపు దగ్గర నిలబడితే, ఆకురాళ్ళు, సుత్తులు, కాలిపర్లు, డ్రాయింగు బోర్డులు ఒక్కో రకం చదువుతూ చూపించాను. ఆయన చూడకుండానే తల ఊపుతున్నారు. ఇనుమును పట్టి ఉంచడానికి బల్లలకు బిగించిన వైసులు విప్పడం కుదరదు, అక్కడే ఉండాలి. రేపల్లె ఉప్పుగాలికి ఇనుము తుప్పెక్కకుండా ఉండదు. అందుకని ప్రతి వైసు దవడలకూ, తిప్పే మరకూ దట్టంగా గ్రీజు పట్టించి, గోనెగుడ్డ చుట్టి, పురికొసతో కట్టాను. ఆయన వెళ్ళిపోకుండా నిలబడి చూశారు.

"మళ్ళీ ఎప్పుడైనా తెరుస్తారంటావా?" అన్నారు.

"తెలియదండి. తెరిస్తే ఈ గ్రీజు కిరసనాయిలుతో తుడవమనండి. పనిచేస్తాయి."

ఆయన తాళంచెవి తీసుకున్నారు. చేతులకంటిన గ్రీజు పోకపోతే బావి దగ్గర ఇసుకతో రుద్దుకుని, తిరుగు బండికి నడిచాను.